పూనకం నుంచి పూనికకి

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేస్తూ ‘ఆధ్యాత్మిక కళాకారిణి’ అన్నారు. విని కొంచెం ఉలిక్కిపడ్డాను. నేను మట్టితో బొమ్మలు చేస్తాను. రోజంతా నా చేతులకి అంటుకుని ఉండేది బురదే. (నవ్వులు) నిర్వాహకులు ఇచ్చిన అంశం మాత్రం చాలా పెద్దది: కళ చేస్తూ చేస్తూ స్త్రీ తన ఆధ్యాత్మికతను కనుక్కోవడం. ఆ పెద్ద మాటల దగ్గరికి నేను నాకు తెలిసిన బురద దారినే వస్తాను. కాళ్ళు కడుక్కోవడం తర్వాత చూసుకుందాం.

ముందు ఒక చిన్న పని చేయండి. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునే, తల వంచి మీ ఒంటి వంక చూసుకోండి. మొహమాటం వద్దు, పక్కవాళ్ళూ అదే పనిలో ఉన్నారు. ఏం కనిపిస్తోంది? ఆడవాళ్ళకైతే రొమ్ములు దగ్గరగా, పెద్దగా. వాటి కింద పొట్ట, తొడలు. కిందికి పోయేకొద్దీ అన్నీ చిన్నవైపోతాయి. లేచి నిలబడితే పాదాలు కనిపిస్తే కనిపిస్తాయి, లేకపోతే లేదు. ముఖం మాత్రం కనిపించదు. ఎవరి ముఖం వాళ్ళకి కనబడదు కదా.

ఇప్పుడు తెర మీద బొమ్మ చూడండి. 1908లో ఆస్ట్రియాలో విల్లెన్‌డార్ఫ్ అనే చోట తవ్వకాల్లో దొరికింది. సున్నపురాయి. ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు, పిడికిట్లో ఇమిడిపోతుంది. వయసు దాదాపు 30,000 ఏళ్ళు. అక్కడక్కడ ఎర్రమట్టి రంగు జాడలున్నాయి. పెద్ద రొమ్ములు, పెద్ద పొట్ట, కిందికి సన్నబడిపోయిన కాళ్ళు. పాదాల్లేవు, ముఖం లేదు. దీన్ని ‘వీనస్’ అన్నారు, రోమన్ల ప్రేమ దేవత పేరు అది. అంటే ఎదురుగా నిలబడి ఆడదాని ఒంటిని చూస్తున్న మగవాడి కన్ను ఇందులో ఉందని ముందే తీర్మానించుకున్నారన్నమాట. సంతాన దేవత అన్నవాళ్ళూ ఉన్నారు. 1996లో లెరాయ్ మెక్‌డెర్మాట్ అనే ఆయన ఇంకో మాట అన్నాడు. ఇలాంటి బొమ్మల్ని చేసింది ఆడవాళ్ళే కావచ్చు, అదీ ఇంకొకరిని చూసి కాదు, ఇప్పుడు మీరు చూసుకున్నట్టు తల వంచి తమ ఒంటిని తాము చూసుకుంటూ చేసి ఉండొచ్చు అని. ఆ చోటి నుంచి చూస్తే ఆ కొలతల్లో అతిశయోక్తి లేదన్నాడు.

పండితులందరూ ఒప్పుకోలేదు. బొమ్మ తల చుట్టూ వరసలు వరసలుగా చెక్కిన పని ఉంది, జుట్టో, అల్లిన టోపీయో. తన తల వెనక వైపు ఆమెకెలా కనిపించింది అని అడగొచ్చు. మట్టి పిసికే మనిషిని కాబట్టి నాకు తోచిన జవాబు ఒకటుంది. కనిపించక్కర్లేదు, చేత్తో తడుముకుంటే తెలుస్తుంది. నా దగ్గర రుజువేమీ లేదు లెండి. కానీ ఆ వాదన చదివిన రోజు నుంచి ఆమె దేవతా కాదా అన్న ప్రశ్న మీద నాకు ఆసక్తి పోయింది. ‘ఇక్కణ్ణుంచి చూస్తే ఇలా ఉంది’ అని ఒక మనిషి చెబుతున్నట్టు అనిపిస్తుంది ఆ బొమ్మను చూస్తే. ఆధ్యాత్మికం అన్న మాటలో ఆత్మ ఉంది. ఆత్మ అంటే ‘తాను’ అనే అర్థం కూడా ఉందని మనం అప్పుడప్పుడు మరిచిపోతాం.

స్త్రీ, కళ, ఆధ్యాత్మికత ఈ మూడూ ఒకచోట వినగానే దేవత బొమ్మ దగ్గరికి పరుగెత్తే అలవాటు చాలామందికి ఉంది. నాకూ ఉండేది. మరియా గింబుటాస్ అనే పురావస్తు శాస్త్రవేత్త, లిథువేనియాలో పుట్టి అమెరికాలో పనిచేసినావిడ, ప్రాచీన ఐరోపా ఒకప్పుడు అమ్మతల్లిని కొలిచిన శాంతియుత సమాజమని 1970, 80లలో గట్టిగా వాదించింది. ఎంతోమంది స్త్రీ కళాకారులకి ఆ మాటలు ఊపిరిపోశాయి. తర్వాత వచ్చిన పరిశోధకుల్లో చాలామంది, ఉన్న ఆధారాలు అంత దూరం లాగితే తెగిపోతాయన్నారు. టర్కీలో చతల్‌హొయుక్ అనే పురాతనమైన ఊరి తవ్వకాల్లో 1961లో ఒక స్త్రీ బొమ్మ దొరికింది. కూర్చుని ఉంటుంది, రెండు చేతుల కింద రెండు చిరుతల్లాంటి జంతువులు. ఇంకేం, అమ్మతల్లే అన్నారు. 2016లో అక్కడే ఇంకో స్త్రీ బొమ్మ బయటపడింది. రాతిది, 17 సెంటీమీటర్లు, కిలో బరువు. అప్పుడు తవ్వకాలు నడుపుతున్న ఇయాన్ హోడర్, ఈమె దేవత కాకపోవచ్చు, ఊళ్ళో గౌరవం సంపాదించుకున్న వయసు మళ్ళిన స్త్రీ కావచ్చు అన్నాడు.

నిజానికి నాకు నిరాశ కలగాలి. సంతోషం కలిగింది. జారిన రొమ్ముల్ని, బరువెక్కిన పొట్టని, వయసైన ఒక ఆడమనిషిని అంత గట్టి రాయిలో అంత ఓపికగా తొలిచారంటే, దేవతను చేయడం కంటే అది తక్కువ పనా?

సరే, పేరూ ఊరూ తెలిసిన వాళ్ళ దగ్గరికి వద్దాం. హిల్డెగార్డ్. జర్మనీలోని బింగెన్ హిల్డెగార్డ్. 1098లో పుట్టింది, 1179లో పోయింది. చిన్నప్పుడే మఠానికి ఇచ్చేశారు. కళ్ళు తెరిచి ఉండగానే వెలుగులు, ఆకారాలు కనిపించేవట. దగ్గరివాళ్ళు ఒకరిద్దరికి తప్ప చెప్పకుండా ఏళ్ళ తరబడి దాచుకుంది. 1141లో, 42 ఏళ్ళ వయసులో, ‘కనిపించింది రాయి’ అన్న ఆజ్ఞ వినిపించిందట. భయపడి రాయలేదు. రాయకపోతే మంచాన పడింది. రాయడానికి చేయి కదిపాకే లేచి కూర్చోగలిగానని తనే చెప్పుకుంది. ఆ మొదటి పుస్తకానికి పదేళ్ళు పట్టింది. తర్వాత పాటలు కట్టింది, మందుల గురించి రాసింది, పెద్ద పెద్ద పీఠాధిపతులకి చీవాట్లు పెడుతూ ఉత్తరాలు రాసింది. ఆ దర్శనాలకి వేసిన బొమ్మల ప్రతి ఒకటి రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కనబడకుండా పోయింది. అదృష్టం కొద్దీ అంతకు ముందే, 1920ల చివర్లో మొదలుపెట్టి, ఐబింగెన్ మఠంలోని సన్యాసినులు దాన్ని చేత్తో రంగులతో సహా నకలు తీశారు. ఇవాళ మనం చూసేది ఆ ఆడవాళ్ళ చేతిపనే. ఈ సంగతి నాకు దర్శనాల కంటే ఎక్కువ ఇష్టం. 

హిల్డెగార్డ్‌కి లాటిన్‌లో ఒక ఇష్టమైన మాట ఉంది, ‘విరిదితాస్’. పచ్చదనం అని. చెట్టులో, ఒంట్లో, మనసులో, దైవంలో ఒకే పచ్చదనం పారుతుందంటుంది. తెలుగులోకి తెస్తే ఈ మాట ఇంకా బాగుంటుంది. మనకి పచ్చ నుంచి పచ్చి కూడా ఉంది. పచ్చి కాయ, పచ్చి కుండ, పచ్చి పుండు, పచ్చి బాలింత, పచ్చి నిజం. పండనిది, కాల్చనిది, మాననిది, ఇప్పుడే పుట్టించినది, పైపూత లేనిది. ఆమె లాటిన్‌లో ఇంత ఉందో లేదో గానీ, నా మట్టిలో మాత్రం ఉంది. (నవ్వులు)

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇంత పని చేసిన మనిషి తన గురించి చెప్పుకునేటప్పుడు ఏమంటుంది? నేను చదువు రాని దీనురాలిని, దేవుడి ఊపిరి మీద తేలే ఈకను. నేను కాదు, ఆయన పలికించాడు. ఆ కాలంలో ఒక ఆడది ‘నాకు తోచింది, రాశాను’ అంటే వినేదెవరు? ‘దేవుడు రాయించాడు’ అంటేనే పోపు కూడా విన్నాడు. అబద్ధమాడిందని నేననను. ఆమెకి అలాగే అనిపించి ఉండొచ్చు. కానీ ఆ వినయం లోపల ఒక తాళంచెవి ఉంది.

ఏడు వందల ఏళ్ళ తర్వాత లండన్‌లో జార్జియానా హౌటన్ అనే ఆవిడ అదే తాళంచెవి తిప్పింది. సుడులు తిరిగే గీతలతో, ఏ వస్తువునూ పోలని నీటిరంగుల చిత్రాలు వేసింది. వేసింది నేను కాదు, ఆత్మలు నా చేయి నడిపించాయి అంది. 1871లో సొంత ఖర్చుతో గ్యాలరీ అద్దెకి తీసుకుని 155 చిత్రాలు పెట్టింది. దాదాపు ఏవీ అమ్ముడుపోలేదు, చేతిలో డబ్బంతా ఊడ్చుకుపోయింది. నైరూప్య చిత్రకళ అనే మాట పుట్టడానికి ఇంకా నలభై ఏళ్ళు ఉంది.

మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: పూనకం. పూనకంలో ఉన్న మనిషి మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. ఆ కాసేపూ ఆమెకి ఎక్కడలేని అధికారం. దిగిపోయాక మళ్ళీ మామూలే, నోరు మూసుకుని కూర్చో అంటారు. అయితే అదే ధాతువు నుంచి ఇంకో మాట ఉంది: పూనిక. ఫలానా పని చేయడానికి పూనుకున్నాను అంటాం కదా. పూనకంలో నన్ను ఎవరో పట్టుకుంటారు. పూనికలో పనిని నేను పట్టుకుంటాను. ఈ రెంటి మధ్య దూరం కొంచెమే గానీ, నాకు తెలిసి ఆ దూరం దాటించేది చేతిపనే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దాని చుట్టూ తిరగడమే.

హిల్మా ఆఫ్ క్లింట్ కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. స్వీడన్, 1862లో పుట్టింది. స్టాక్‌హోమ్ రాజ అకాడమీలో పద్ధతిగా చదువుకుంది, ప్రకృతి దృశ్యాలూ మనుషుల చిత్రాలూ వేసి బతికింది. 1896 నుంచి ఇంకో నలుగురు స్త్రీలతో కలిసి ‘ఐదుగురు’ అనే బృందంగా కూర్చునేది. ధ్యానం, ప్రార్థన, ఆత్మలతో సంభాషణ, కళ్ళతో చూడకుండా చేయి ఎటు పోతే అటు గీయడం. పెద్ద పని ఒకటి చేయాలి అని అలా కూర్చున్నప్పుడే ఆదేశం వచ్చింది. మిగతావాళ్ళు జంకారు, ఈమె ఒప్పుకుంది. 1906లో మొదలుపెట్టింది. మరుసటి ఏడు, మనిషి జీవితపు దశల మీద పది చిత్రాలు కొద్ది వారాల్లో వేసింది. ఒక్కొక్కటి మూడు మీటర్లకి పైన ఎత్తు, రెండు మీటర్లకి పైన వెడల్పు. ఆవిడ చూస్తే పొట్టి మనిషి. కాగితాన్ని నేల మీద పరిచి, దాని మీద తిరుగుతూ వేసిందంటారు. నారింజ, నీలం, గులాబీ, గుండ్రాలు, రేకులు, ఎక్కడికో మెలికలు తిరిగిపోయే అక్షరాలు. ముందు గీతలు గీసుకోలేదు, ఏమొస్తోందో తెలియకుండానే వేశాను అని రాసుకుంది. పూర్తి పూనకం.

1908లో ఆగింది. అమ్మకి చూపు పోయింది, చూసుకోవాలి. నాలుగేళ్ళు ఆ పని ముట్టుకోలేదు. 1912లో మళ్ళీ కూర్చునేసరికి పద్ధతి మారింది. ఇప్పుడు ఆలోచించి, కూర్చి, తనే నిర్ణయించుకుని వేస్తోంది. గురువుల మాట గుడ్డిగా వినక్కర్లేదు, వాళ్ళు నా పక్కన నిలబడి ఉన్నారనుకుంటే చాలు అని ఒకచోట రాసుకుంది. ‘నా లోంచి’ అన్నది ‘నా పక్కన’ అయింది. ఎంత చిన్న మార్పో చూడండి, ఎంత పెద్దదో కూడా. 1915 నాటికి ఆ వరసలో 193 చిత్రాలు పూర్తయ్యాయి. వాటిని పెట్టడానికి మెలికలు తిరుగుతూ పైకెక్కే గుడి ఒకటి కట్టాలని కలగంది. కట్టలేదు. తను పోయిన ఇరవై ఏళ్ళ దాకా ఎవరికీ చూపించొద్దని చెప్పి 1944లో వెళ్ళిపోయింది. ఆ తర్వాత అవి పెద్ద ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది 1986లో, లాస్ ఏంజలెస్‌లో. 2018లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో పెట్టినప్పుడు 6 లక్షల మందికి పైగా వచ్చారు. ఆ మ్యూజియం కూడా మెలికలు తిరుగుతూ పైకెక్కే భవనమే.

మధ్యలో ఒక పక్కమాట చెప్తాను. ఈ మధ్య పరిశోధకులు ఆ చిత్రాల్లో కొన్నింట్లో ఆమె స్నేహితురాలు అన్నా కాసెల్ లాంటి వాళ్ళ చేయి కూడా ఉందంటున్నారు. వెంటనే కొందరు ‘అయితే ఆమె గొప్పేమిటి’ అన్నారు. ఒంటరి మేధావి ఒకడు కొండ మీద కూర్చుని వెలుగు చూడాలి అన్న కథ మన తలల్లో ఎంత లోతుగా నాటుకుందో చూశారా. నలుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని చేసింది ఆధ్యాత్మికం కాదా?

నా సంగతి కొంచెం చెప్తాను. మా అమ్మ పోయిన ఏడాది, శాంతంగా ఉన్న ఒక తల్లి రూపం చేయాలని కూర్చున్నాను. కళ్ళు అరమూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అలా. మూడు వారాలు కుస్తీ పట్టాను. ఎన్నిసార్లు చేసినా దవడ బిగుసుకుపోయేది. పెదాలు సర్దితే నోరు తెరుచుకునేది. చివరికి విసుగొచ్చి కళ్ళు మూసుకుని, చేతుల్ని వాటి దారిన వదిలేశాను. వచ్చింది శాంతమూర్తి కాదు. మోకాళ్ళ మీద కూలబడి నోరంతా తెరిచి అరుస్తున్న ముసలావిడ. చూసి నేనే బెదిరాను. అమ్మ జీవితంలో ఎప్పుడూ గొంతెత్తలేదు.

మేరియన్ మిల్నర్ అనే బ్రిటిష్ మనోవిశ్లేషకురాలు 1950లోనే ఇలాంటి అనుభవం రాసింది. ప్రశాంతమైన దృశ్యం గీద్దామని కూర్చుంటే కాగితం మీద మంటలూ తుఫానులూ వచ్చేవట. మనం అనుకున్న భావానికి చేయి లొంగదు. అది తనకి తెలిసిందే చెబుతుంది. ‘స్త్రీ తత్వం’ అనగానే కరుణ, సహనం, పూలు, వెన్నెల అని ముందే పళ్ళెంలో సర్ది తెచ్చేవాళ్ళని చూస్తే నాకు భయం అందుకే. ఒక ప్రదర్శన నిర్వాహకుడు నా ముసలావిడ ఫోటో చూసి ‘బాగుందమ్మా, కానీ మా అంశం స్త్రీ ఆధ్యాత్మికత, ఇందులో అది కనిపించడం లేదు’ అన్నాడు. ‘మీకు కనిపించేలా నోరు మూయించనా?’ అన్నాను. నవ్వాడు. తీసుకోలేదు. (చప్పట్లు)

ఆ బొమ్మ ఏమైందని అడుగుతారేమో. కొలిమిలో పేలిపోయింది. తప్పు నాదే. పొట్ట దగ్గర మట్టి మందంగా ఉండిపోయింది, లోపల డొల్ల చేయలేదు, ఆరకుండానే తొందరపడ్డాను. లోపలి తడి ఆవిరై, దారి లేక, బద్దలు కొట్టుకుని బయటికొచ్చింది. మట్టిపని తెలిసిన వాళ్ళు నవ్వుతున్నారు, మొదటి పాఠమే అది. ఆరబెట్టిన మట్టిని నీళ్ళలో వేస్తే మళ్ళీ బురదైపోతుంది, ఎన్నిసార్లయినా. కొలిమిలో 500 డిగ్రీల ప్రాంతంలో మట్టి రేణువుల్లో కట్టుబడి ఉన్న నీళ్ళు కూడా వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఇక వెనక్కి రాదు. 573 డిగ్రీల దగ్గర అందులోని స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ వేడి మెల్లగా పెంచాలి. కొలిమి ముందు రాత్రంతా కూర్చుని ఆ అంకె దాటడం కోసం ఎదురుచూడటం నాకు తెలిసిన ప్రార్థన. ఇంకో రకం నాకు రాదు. 

రెండోసారి చేశాను ఆ ముసలావిణ్ణి. ఈసారి కళ్ళు తెరిచి, లోపల డొల్ల చేసి, గోడ మందం వేలితో కొలుచుకుంటూ. మొదటిసారి ఆమె నాకు వచ్చింది. రెండోసారి నేను చేశాను.

ఇక స్త్రీ శరీరం గొడవ. ఇది తప్పించుకుని పోలేం. అమెరికన్ కళాకారిణి జూడీ షికాగో 1974 నుంచి 1979 దాకా, 400 మందికి పైగా చేతుల సాయంతో, ఒక త్రిభుజాకారపు విందు బల్ల చేసింది. ఒక్కో వైపు 48 అడుగులు. 39 మంది స్త్రీలకి 39 ఆసనాలు, పురాణ దేవతల నుంచి ఆధునిక చిత్రకారుల దాకా. హిల్డెగార్డ్‌కీ చోటుంది. కింద నేల పలకల మీద ఇంకో 999 పేర్లు. కుట్టుపని, పింగాణీ మీద చిత్రలేఖనం లాంటివి అప్పటిదాకా ‘ఆడవాళ్ళ కాలక్షేపం’. వాటినే పట్టుకొచ్చి బలిపీఠం స్థాయిలో పెట్టింది. పళ్ళేలు చాలావరకు యోని ఆకారంలో ఉంటాయి. అప్పట్లో పెద్ద రగడ అయింది. స్త్రీ అంటే ఇంతేనా, ఒక అవయవమా అని స్త్రీవాదులే అడిగారు. ఆ బల్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క నల్లజాతి స్త్రీ సోజర్నర్ ట్రూత్ పళ్ళెంలో మాత్రం ఆ ఆకారం కాకుండా ముఖాలు ఎందుకున్నాయి అని నల్లజాతి రచయిత్రులు నిలదీశారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. బిడ్డను కననివాళ్ళు, గర్భసంచి తీసేసినవాళ్ళు, ఆడపిల్లగా పుట్టకపోయినా స్త్రీగా బతుకుతున్నవాళ్ళు ఆ ఆసనాల్లో ఎక్కడ కూర్చుంటారు? ఆ కుట్టుపని ముందు మాత్రం నాకు నోట మాట రాదు. రెండూ నిజమే.

నాకు అనా మెండియెటా దగ్గర ఎక్కువ ఊపిరి ఆడుతుంది. క్యూబాలో 1948లో పుట్టింది. పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అమ్మానాన్నల్ని వదిలి అక్కతో అమెరికా పంపించేశారు. 1973 నుంచి మెక్సికోలో, అయోవాలో నేల మీద తన ఒంటి ఆకారాన్ని వదలడం మొదలుపెట్టింది. బురదలో పడుకుని లేస్తే మిగిలే గుంట. ఇసుకలో ఒంటి ఆకారం, దాన్ని నింపే అల. పూలు, గడ్డి, మంచు. ఒక్కోసారి తుపాకి మందు పోసి అంటించేది. కాసేపు ఆడమనిషి ఆకారంలో మంట, ఆ తర్వాత మసి. ఇప్పుడవేవీ లేవు, ఫోటోలూ చిన్న ఫిల్ములూ తప్ప. 1981లో క్యూబా వెళ్ళి హరూకో గుహల్లో సున్నపురాతి మీద స్త్రీ ఆకారాలు చెక్కి, అక్కడి ఆదివాసుల దేవతల పేర్లు పెట్టింది. 36 ఏళ్ళకే పోయింది.

ఆ గుంటల్ని చూడండి, ముఖం ఉండదు. విల్లెన్‌డార్ఫ్ బొమ్మకీ లేదు. మెండియెటా బయట నిలబడి దేవతను చేయలేదు. తను పడుకున్న చోటే తన కొలతతో ఒక ఖాళీ చేసి, లేచి వెళ్ళిపోయింది. వర్షం వచ్చి ఏం చేసుకుంటే అది.

టైమ్ అయిందంటున్నారు. ప్రశ్నలు తర్వాత. వెనక బల్ల మీద తడి గుడ్డ కప్పి ఉన్నది మీ కోసమే తెచ్చాను. మనిషికో ముద్ద వస్తుంది. ఉంగరాలు, గడియారాలు తీసి సంచుల్లో పెట్టేసుకోండి, మట్టి దూరితే నన్ను అనొద్దు. ముద్దను ముందు బల్లకేసి బాగా పిసకండి, లోపల గాలి ఉండకూడదు. తర్వాత కళ్ళు మూసుకోండి. ఎడమ చేత్తో మీ ముఖం తడుముకోండి, కుడి చేత్తో చేయండి. ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసుకోండి. అమ్మా, ఆ చివర కూర్చున్నావిడ, బాగా రాదేమో అంటున్నారు, వినిపించింది. రాదు. రండి.